చావుకు ముఖం తిప్పుకోని చిత్రకారుడు: కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ జీవితం



మన ఇళ్లలో ఎవరైనా పోతే మనకు రెండు కష్టాలు. ఒకటి, మనిషి పోయిన కష్టం. రెండోది, చుట్టుపక్కలవాళ్ల ప్రశ్నల కష్టం. పిండం పెట్టరా, కాకికి పెట్టరా, దినాలు చెయ్యరా, మరి ఆ ఆత్మ ఎటు పోవాలి అని అడుగుతారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం పెట్టననీ, పిండం పెట్టననీ ఉంది. ఆ ప్రతిజ్ఞను నోటితో చెప్పడం తేలిక. శవం పక్కన కూర్చున్న రాత్రి దాని మీద నిలబడడం కష్టం. పిండం మానేస్తాం గాని, పోయినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారనే ప్రశ్న అంత తేలిగ్గా మనసులోంచి పోదు.

ఆ ప్రశ్నను బతికినంతకాలం మోసిన ఒక మనిషి కథ ఈసారి మీకు చెప్తున్నాం. ఆయన బౌద్ధుడు కాదు. జర్మన్ దేశపు క్రైస్తవుడు. ప్రవచనాలు చెప్పలేదు, మత గ్రంథాలు రాయలేదు. కొండలు, సముద్రం, మంచు, చెట్లు, పొగమంచు, ఇవే బొమ్మలుగా వేశాడు. కాని ఆయన వేసిన చెట్టు ఉత్త చెట్టు కాదు, ఓడ ఉత్త ఓడ కాదు. వాటిలో చావు ఉంటుంది, చావు తర్వాత ఏముంటుందన్న ఆశ ఉంటుంది. ఆయన పేరు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్. ఆయన్ను బౌద్ధుణ్ణి చేయాలని ఈ కథ చెప్పడం లేదు. ఆయన చావును ఎట్లా చూశాడో, తన ఆశను ఎక్కడ పెట్టుకున్నాడో తెలుసుకుంటే, మన ధమ్మం మనల్ని ఎక్కడ నిలబెడుతుందో కూడా స్పష్టపడుతుంది.

కొవ్వొత్తుల ఇల్లు

ఫ్రీడ్రిక్ 1774 సెప్టెంబర్ 5న బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న గ్రైఫ్స్‌వాల్డ్ అనే ఊళ్లో పుట్టాడు. ఆ రోజుల్లో ఆ ప్రాంతం స్వీడన్ రాజుల ఏలుబడిలో ఉండేది. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు తయారు చేసేవాడు. పదిమంది పిల్లల్లో ఈయన ఆరోవాడు. దైవభక్తి, క్రమశిక్షణ గట్టిగా ఉన్న ఇల్లు అది.

ఆ ఇంటికి చావు వరసగా వచ్చింది. 1781లో తల్లి పోయింది. అప్పటికి పిల్లవాడికి ఏడేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. ఆ మరుసటి ఏడు ఒక అక్క పోయింది. 1787 డిసెంబర్ 8న జరిగింది మరీ ఘోరం. గడ్డకట్టిన నీటి మీద మంచు పగిలి, తమ్ముడు యోహాన్ క్రిస్టోఫర్ లోపల పడి మునిగిపోయాడు. అప్పుడు ఫ్రీడ్రిక్‌కు పదమూడేళ్లు. ఆయన కళ్లముందే ఇది జరిగిందని చెప్తారు. మంచులో పడిపోయింది ముందు ఫ్రీడ్రిక్ అనీ, అన్నను కాపాడబోయి తమ్ముడు ప్రాణం పోగొట్టుకున్నాడనీ కూడా కొందరు రాశారు. 1791లో టైఫస్ జ్వరంతో ఇంకో సోదరి పోయింది.

మీలో చిన్నప్పుడే తోబుట్టువును పోగొట్టుకున్నవాళ్లు ఉంటే ఈ బరువు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పోయినవాడు పోతాడు. ఉన్నవాడికి తను ఎందుకు మిగిలానన్న ప్రశ్న మిగులుతుంది.

ఇక్కడ బాబాసాహెబ్ రాసిన ఒక మాట గుర్తు చేసుకోండి. సిద్ధార్థుడు ఒక ముసలివాణ్ణి, ఒక రోగిని, ఒక శవాన్ని మొదటిసారి చూసి ఇల్లు విడిచాడనే పాత కథను ఆయన ఒప్పుకోలేదు. 29 ఏళ్లు వచ్చేదాకా ఒక మనిషి చావును చూడకుండా ఎట్లా ఉంటాడని 'బుద్ధుడు అతని ధమ్మం' ముందుమాటలోనే ప్రశ్నించాడు. నిజమే కదా. చావును అందరూ చూస్తారు, చాలామంది చిన్నప్పుడే చూస్తారు. చూశాక ఏం చేశారన్నదే తేడా. ఫ్రీడ్రిక్ ఏం చేశాడో చూడండి.

కొండ మీద శిలువ

1790 నుంచి సొంత ఊళ్లోనే బొమ్మలు నేర్చుకున్నాడు. 1794లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోని కళల అకాడమీలో చేరాడు. 1798లో డ్రెస్డెన్ నగరానికి వచ్చి, చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. మొదట్లో ఎక్కువగా గోధుమరంగు సిరాతో, సెపియా అంటారే, దానితో వేసేవాడు. 1805లో కవి గోథే వైమార్‌లో నడిపిన పోటీలో ఆ సెపియా చిత్రాలకే బహుమతి వచ్చింది.

ఆయన పని గది గురించి తెలిసినవాళ్లంతా ఒకే సంగతి చెప్పారు. అందులో దాదాపు ఏమీ ఉండేది కాదు. బొమ్మ నిలబెట్టే చట్రం, ఒక కుర్చీ, ఒక బల్ల, అంతే. బయట మాత్రం ఎక్కడెక్కడో తిరిగేవాడు. పొద్దు పొడవకముందు, పొద్దు గుంకాక నడిచేవాడు. ఒక్కొక్క చెట్టును, ఒక్కొక్క రాయిని పెన్సిల్‌తో ఉన్నదున్నట్టు గీసుకొచ్చేవాడు. తర్వాత గదిలో కూర్చుని, ఒకచోటి చెట్టును ఇంకోచోటి కొండ మీద పెట్టి చిత్రం కట్టేవాడు. అందుకే ఆయన చిత్రంలో ప్రతి కొమ్మా నిజం, మొత్తం దృశ్యం మాత్రం ఆయన మనసు.

1808 క్రిస్మస్ రోజుల్లో తన గదిలోనే బల్ల మీద నల్లగుడ్డ పరిచి ఒక చిత్రాన్ని జనానికి చూపించాడు. రాతి శిఖరం, దాని మీద ఫిర్ చెట్లు, వాటి మధ్య సన్నటి శిలువ, వెనక దిగిపోయిన సూర్యుడి కిరణాలు. క్రీస్తు ముఖం మనవైపు లేదు, ఆ సూర్యుడివైపు తిరిగి ఉంది. చర్చిలో పూజాపీఠం మీద పెట్టే బొమ్మ ఆకారంలో దానికి చట్రం కట్టించాడు. అప్పటిదాకా ఆ చోటు పవిత్ర పురుషుల బొమ్మలది. ఒక కొండను, నాలుగు చెట్లను తెచ్చి అక్కడ పెట్టడమేమిటని రామ్‌డోర్ అనే విమర్శకుడు 1809లో మండిపడ్డాడు. ఫ్రీడ్రిక్ జవాబుగా తన గుర్తుల అర్థం తానే విప్పి చెప్పాడు. దిగిపోయే సూర్యుడు దేవుడు నేరుగా భూమ్మీద తిరిగిన పాత లోకం. బండ రాయి చెదరని విశ్వాసం. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే ఫిర్ చెట్లు మనుషుల ఆశ.

ఆయన గుర్తుల భాషకు ఇది తాళంచెవి లాంటిది. మిగిలిన చిత్రాలను చాలామంది ఈ దారిలోనే చదివారు. ఆకులు రాలిన ఓక్ చెట్టు గడిచిపోయే బతుకు. పచ్చని ఫిర్ చెట్టు చావు తర్వాత జీవితం. లంగరు క్రైస్తవుల పాత గుర్తు, దానికి ఆశ అని అర్థం. ఓడ మనిషి ప్రయాణం. రేవు ఆ ప్రయాణం ముగిసే చోటు. పొగమంచులో దూరంగా లీలగా కనిపించే చర్చి, పరలోకం.

మంచులో శవపేటిక

1809లో తండ్రి కూడా పోయాడు. ఆ రోజుల్లోనే ఫ్రీడ్రిక్ రెండు పెద్ద చిత్రాల మీద పని చేస్తున్నాడు. 1810లో బెర్లిన్ అకాడమీ ప్రదర్శనలో ఆ రెంటినీ ఒకదాని కింద ఒకటి వేలాడదీశారు. కుర్రవాడైన యువరాజు పట్టుబట్టడంతో ప్రష్యా రాజు రెంటినీ కొన్నాడు. ఇప్పటికీ బెర్లిన్‌లోనే ఉన్నాయి.

పైన ఉన్న చిత్రంలో ఒక సముద్రపు ఒడ్డు. ఇసుక మీద ఒకే ఒక్క మనిషి, చీమంత. క్రైస్తవ సన్యాసి అంటారు. ఎదురుగా నల్లటి సముద్రం. మిగిలిందంతా ఆకాశమే. మొదట ఆ సముద్రం మీద ఓడలు వేసి, తర్వాత వాటి మీద రంగు పూసి తీసేశాడని ఈ కాలపు పరీక్షల్లో బయటపడింది. ఆ మనిషికి తోడు ఏదీ మిగల్చదలచుకోలేదన్నమాట.

కింద ఉన్నది శ్మశానం. గ్రైఫ్స్‌వాల్డ్ దగ్గర ఎల్డెనా అనే పాడుబడ్డ క్రైస్తవ మఠం ఉంది. ఫ్రీడ్రిక్ చిన్నప్పటినుంచి చూసిన గోడలవి. చిత్రంలో ఆ గోడ ఒక్కటే నిలబడి ఉంది. చుట్టూ మోడువారిన ఓక్ చెట్లు. నేలంతా మంచు. వంకర తిరిగిన సమాధి శిలువలు. ఆ మంచులో సన్యాసులు ఒక శవపేటికను మోసుకుంటూ పాడుబడ్డ ద్వారంలోకి నడుస్తున్నారు. ముందువైపు తవ్వి ఉంచిన గొయ్యి, ఖాళీగా. కింది సగం చీకటి. పైన ఆకాశంలో మాత్రం మెల్లగా వెలుగు. పై చిత్రంలో సముద్రం ముందు నిలబడ్డ మనిషినే కింద మోసుకుపోతున్నారని కొందరు చెప్పుకున్నారు.

ఇప్పుడు ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. ఇటువంటి దృశ్య చిత్రాల్లో మామూలుగా మూడు భాగాలు ఉంటాయి. దగ్గరి నేల, నడిమి నేల, దూరం. చూసేవాడి కన్ను దగ్గరినుంచి మెల్లగా నడుచుకుంటూ దూరానికి పోతుంది. ఫ్రీడ్రిక్ చాలా చిత్రాల్లో నడిమి నేల ఉండదు. దగ్గరున్నది చీకటి, రాయి, సమాధి. దూరాన ఉన్నది వెలుగు. రెంటికీ మధ్య పొగమంచో, లోయో, నీళ్లో ఉంటుంది. అక్కడ కాలు పెట్టడానికి చోటు లేదు. చాలామందికి తెలిసిన ఆయన చిత్రం, 1818 ప్రాంతంలో వేసింది, అందులోనూ అంతే. ఒక మనిషి మనకు వీపు పెట్టి బండ మీద నిలబడతాడు. కింద పొగమంచు సముద్రం, అవతల కొండలు. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు దారి గీయలేదు. క్రైస్తవుడిగా ఆయన లెక్కలో ఆ ఖాళీ పేరు చావు. దాన్ని దాటించేది విశ్వాసం.

స్నేహితుడి సమాధి, మంచు సముద్రం

1818 జనవరిలో కారొలీన్ బొమ్మర్‌ను పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు, ఆమె దాదాపు ఇరవై ఏళ్లు చిన్నది. ముగ్గురు పిల్లలు. పెళ్లయ్యాక ఆయన చిత్రాల్లో ఆడవాళ్లు, జంటలు, కొంచెం లేత రంగులు వచ్చాయి. కాని చావు ఆ ఇంటి వీధి విడిచి పోలేదు. 1820 మార్చి 27న ఆయన స్నేహితుడు, చిత్రకారుడు గెర్హార్డ్ ఫాన్ క్యూగెల్‌గెన్ డ్రెస్డెన్‌కు వచ్చే దారిలో దొంగ చేతిలో హత్యకు గురయ్యాడు. ఫ్రీడ్రిక్ ఆ స్నేహితుడి సమాధిని చిత్రంగా వేశాడు. 1825లో ఒక పెద్ద శ్మశాన ద్వారం వేయడం మొదలుపెట్టాడు. ఆ ద్వారం దగ్గర తల్లీ తండ్రీ నిలబడి లోపలికి, తమ బిడ్డ సమాధివైపు చూస్తుంటారు. లోపల అడుగు పెట్టలేదు. ఆ చిత్రాన్ని ఆయన పూర్తి చేయలేదు.

1820-21 చలికాలంలో ఎల్బే నది మీద మంచు పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే, వాటిని దగ్గరనుంచి చూసి గీసుకున్నాడు. 1823-24లో వాటితో మంచు సముద్రం అనే చిత్రం కట్టాడు. ఉత్తర ధ్రువం వైపు పోయిన ఓడల వార్తలు అప్పుడు ఐరోపా అంతా చదువుతున్నారు. చిత్రం నడుమ పగిలిన మంచు పలకలు గోపురంలాగా పైకి లేచి ఉంటాయి. ఓడ ఎక్కడుందో వెతుక్కోవాలి. కుడివైపు మూల చిన్న ముక్క, మునిగిపోయిన ఓడ వెనకభాగం. మనుషులు లేరు. ఈ చిత్రంలో శిలువ లేదు, పచ్చని ఫిర్ చెట్టు లేదు, దూరాన చర్చి లేదు. మంచు పగిలి తమ్ముడు పోయిన 36 ఏళ్ల తర్వాత వేసిన మంచు ఇది. ఆకాశం పైన తేటగా ఉంది కదా, అదే ఆశ అని చెప్పేవాళ్లు ఉన్నారు. అప్పటి జనానికి మాత్రం అది నచ్చలేదు. ఆయన బతికుండగా అమ్ముడుపోలేదు.

అప్పటికే అభిరుచులు మారుతున్నాయి. ఎండ, పండగ, పల్లె బతుకు ఉన్న చిత్రాలు కావాలన్నారు. 1824లో డ్రెస్డెన్ అకాడమీలో ఆయనకు ప్రొఫెసర్ హోదా ఇచ్చారు గాని, దృశ్య చిత్రాల తరగతి అప్పగించలేదు. కొనేవాళ్లు తగ్గారు. రష్యా రాజకుటుంబం కోసం కవి జుకోవ్‌స్కీ చిత్రాలు కొనిపించడం ఆ ఇంటికి ఆసరా అయింది.

ఐదు ఓడలు

1835 ప్రాంతంలో వేసిన ఒక చిత్రంలో గ్రైఫ్స్‌వాల్డ్ దగ్గరి సముద్రపు ఒడ్డు మళ్లీ కనిపిస్తుంది. సాయంకాలం. ఒడ్డున ఐదుగురు, నీళ్లమీద ఐదు ఓడలు. ఒక ముసలాయన మనకు వీపు పెట్టి, కర్ర పట్టుకుని నీళ్లవైపు నడుస్తున్నాడు. ఆయన ఫ్రీడ్రిక్కే అంటారు. ఒక నడివయసు మగమనిషి ఆయనవైపు తిరిగి ఉన్నాడు. ఒక అమ్మాయి, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. వాళ్లు ఆయన సొంత కుటుంబమేనని చెప్తారు. పిల్లల చేతిలో స్వీడన్ జెండా. అప్పటికి ఆ ఊరు స్వీడన్ చేతిలోంచి పోయి ఇరవై ఏళ్లు. అది ముసలాయన చిన్నతనపు జెండా. ఓడలు కొన్ని దూరంగా, ఒకటి దగ్గరగా. ఎవరి ఓడ వాళ్లది.

ఆ ఏడాది జూన్‌లో ఆయనకు పక్షవాతం వచ్చింది. చెయ్యి పట్టు తప్పింది. నూనె రంగులతో పెద్ద చిత్రాలు వేయడం ఇంచుమించు ఆగిపోయింది. మళ్లీ సెపియాకు, నీటి రంగులకు వచ్చాడు. గుడ్లగూబ, శవపేటిక, తవ్విన గొయ్యి, చంద్రుడు, ఇవే చివరి బొమ్మలు. 1840 మే 7న డ్రెస్డెన్‌లో చనిపోయాడు. అక్కడి ట్రినిటాటిస్ శ్మశానంలో మట్టి చేశారు.

తర్వాత యాభై ఏళ్లపాటు లోకం ఆయన్ను దాదాపు మరిచిపోయింది. 1890ల్లో నార్వే పండితుడు ఆండ్రియాస్ ఔబర్ట్ మళ్లీ వెలికి తీశాడు. 1906లో బెర్లిన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో 32 చిత్రాలు పెట్టారు. తర్వాత హిట్లర్ మనుషులు ఆయన్ను తమ జాతి గర్వానికి జెండాలాగా వాడుకున్నారు. చనిపోయినవాడు వద్దనలేడు కదా. ఆ మచ్చ పోవడానికి చాలాకాలం పట్టింది. 2024లో ఆయన పుట్టి 250 ఏళ్లయిన సందర్భంగా హాంబర్గ్, బెర్లిన్, డ్రెస్డెన్ మ్యూజియాలు పెద్ద ప్రదర్శనలు పెట్టాయి.

ఇంకొకటి. 1819లో ఆయన మంచులో మఠం శ్మశానం అనే చిత్రం వేశాడు. చావు గురించి వేసిన ఆ చిత్రమే 1945లో, యుద్ధం చివర, బెర్లిన్‌లో నాశనమైపోయింది. ఇప్పుడు దాని నలుపు తెలుపు ఫోటో ఒక్కటే ఉంది. సబ్బే సంఖారా అనిచ్చా అని మనం వందనలో చెప్పుకునేది దీన్నే. చావును చూపించే బొమ్మకు కూడా చావుంది.

ఆ నడిమి నేల మనది

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఫ్రీడ్రిక్ దగ్గర మనం నేర్చుకోవలసింది ఒకటుంది, ఆయనతో విడిపోవలసిన చోటు ఒకటుంది.

నేర్చుకోవలసింది ఇది. ఆయన చావుకు ముఖం తిప్పుకోలేదు. ఖాళీ గొయ్యిని ఖాళీ గొయ్యిగానే వేశాడు. మంచు చల్లదనాన్ని తగ్గించలేదు. కిసా గోతమి చనిపోయిన బిడ్డను భుజాన వేసుకుని ఆవగింజల కోసం ఇల్లిల్లూ తిరిగినప్పుడు, బుద్ధుడు ఆమెకు పరలోకం గురించి చెప్పలేదు. ఎవరూ చనిపోని ఇంట్లోంచి ఆవాలు తెమ్మన్నాడు. అంటే చూడమన్నాడు. మరణానుస్సతి, అంటే చావును గుర్తుంచుకునే సాధన కూడా ఇదే. బాబాసాహెబ్ తన పిల్లల్లో నలుగురిని చిన్నతనంలోనే పోగొట్టుకున్నాడు. 1935లో రమాబాయి పోయింది. ఆ దుఃఖాన్ని ఆయన దాటేసి రాలేదు, మోస్తూనే పని చేశాడు.

విడిపోవలసింది ఇక్కడ. ఫ్రీడ్రిక్ దగ్గర వెలుగు ఎప్పుడూ అవతలే. చీకటి మాత్రం మనం నిలబడ్డచోట. ఆయన మతం ఆయనకు అట్లా చెప్పింది, ఆయన దాన్ని నిజాయితీగా నమ్మాడు. మనకు అవతల మీద వేరే చేదు అనుభవం ఉంది. ఈ దేశంలో పరలోకం పేరు చెప్పి, పూర్వజన్మ పేరు చెప్పి, మన తాతముత్తాతల బతుకును ఊరి బయట కట్టేశారు. శ్మశానంలో కూడా వేరే చోటు చూపించారు. అందుకే బాబాసాహెబ్ ఆత్మను, దాని ప్రయాణాన్ని ఒప్పుకోలేదు. శరీరంలోని ధాతువులు తమ ధాతువుల్లో కలుస్తాయి, అదే మనిషి మళ్లీ రాడు అని బుద్ధుడి బోధను వివరించాడు. ఆకలితో తిరిగే ఆత్మ అక్కడ లేదు. లేని ఆత్మకు పిండం పెట్టనందుకు మీరు దోషులు కారు. ఆ రాత్రి ఎవరేమన్నా ఇది గుర్తుంచుకోండి.

బుద్ధుడు కూడా ఈ ఒడ్డు, ఆ ఒడ్డు అని చెప్పాడు. ధమ్మాన్ని తెప్పతో పోల్చాడు. కాని ఆ ఒడ్డు చచ్చాక చేరే ఊరు కాదు. తృష్ణ, ద్వేషం, మోహం తగ్గిన బతుకే ఆ ఒడ్డు. దానికి నడిచే దారి ఉంది, ఎనిమిది అంగాలున్న దారి. ఫ్రీడ్రిక్ పొగమంచుతో నింపిన ఆ నడిమి నేల మీదే మన నడక అంతా.

కాబట్టి మీ ఇంట్లో మనిషి పోయినప్పుడు ఆత్మ ఎటు పోయిందని అడిగితే తడబడకండి. ఆ మనిషి ఎవరికి అన్నం పెట్టాడో, ఎవరిని చదివించాడో, ఏ అన్యాయం ముందు నిలబడ్డాడో కూర్చుని చెప్పుకోండి. ఏడుపొస్తే ఏడవండి, అది ధమ్మానికి విరుద్ధం కాదు. త్రిశరణం, పంచశీలం చెప్పుకోండి. కర్మకాండకు పెట్టే డబ్బుతో ఒక పిల్లకు పుస్తకాలు కొనండి. పోయినవాళ్లు మొదలుపెట్టి ఆపేసిన పని ఏదైనా ఉంటే దాన్ని చేతిలోకి తీసుకోండి. వాళ్లు ఎక్కడున్నారన్న ప్రశ్నకు మనం చూపించగల చోటు అదే.

నమో బుద్ధాయ! జై భీమ్!